పక్కగాలి - తోకచక్రం

కాళేశ్వరం దగ్గర గోదావరిని పడవలో దాటేటప్పుడు పడవవాడు ఎదుటి రేవుకు సూటిగా గురిపెట్టడు. ముక్కును కాస్త ప్రవాహానికి ఎదురుగా తిప్పి ఉంచుతాడు. పక్కగాలిలో విమానం దించే పైలట్ చేసేదీ ఇదే. అయితే చక్రాలు నేలను తాకేవేళకు ముక్కు రన్‌వే వెంట సూటిగా ఉండాలి. లేకుంటే ప్రమాదమే! ఎందుకని?

1958లో తొలిసారి ఎగిరిన మన పుష్పక్, రెండవ ప్రపంచయుద్ధ కాలంలో బేగంపేటలో శిక్షణకు వాడిన టైగర్ మాత్ - రెండూ తోకను నేలకు ఆనించి నిలిచే విమానాలు. వీటి గరిమనాభి ముందు చక్రాలకు వెనుక ఉంటుంది. ముక్కు పక్కకు తిరిగితే, జడత్వం వల్ల ఆ బరువు పాతదారినే పోబోయి విమానాన్ని ఇంకా తిప్పేస్తుంది. విమానం గిర్రున తిరిగి, రెక్క కొన నేలకు కొట్టుకోవచ్చు. దీనినే ‘గ్రౌండ్ లూప్’ అంటారు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి 2016 వరకు వరంగల్ జిల్లాలోనివే. ఆ వరంగల్ చెంత, మామునూరులో నిజాం కాలం నాటి విమానాశ్రయం ఉంది. విశాలమైన పచ్చిక మైదానంలోనైతే గాలికి ఎదురుగా ఏ దిక్కునైనా దిగవచ్చు. రన్‌వే గాలితోపాటు తిరగదు కదా! గంటకు 20 కిలోమీటర్ల గాలి రన్‌వేకు 30 డిగ్రీల కోణంలో వీస్తే, పక్కకు నెట్టే భాగం అందులో సగం, అంటే 10 కిలోమీటర్లు.

అందుకే పైలట్ గాలివైపు రెక్కను కొద్దిగా వంచి, చుక్కానిని ఎదుటివైపు నొక్కి, విమానం ఆగేదాకా కాళ్లు కదుపుతూనే ఉంటాడు.

మూడుచక్రాల సైకిలును వెనక్కి జోరుగా నెట్టి చూడండి. సంగతి మీకే తెలుస్తుంది!