బ్లూ టిక్ పడింది, రిప్లై రాలేదు. ఇప్పుడేంటి?

ఇవాళ్టి టాపిక్ చిన్నదే. మీరు ఒకరికి వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. రెండు టిక్కులూ నీలం అయ్యాయి. రిప్లై లేదు. రాత్రి చూస్తే ఆ మనిషి స్టేటస్ కూడా పెట్టాడు. మీ బుర్రలో ఏం నడుస్తుంది? "చూసి కూడా పట్టించుకోలేదు, పొగరు." అంతేగా?

ఈ బ్లూ టిక్ 2014 నవంబర్‌లో వచ్చింది. అది మనకి చెప్పేది ఒక్కటే: అవతలి వైపు ఆ చాట్ ఓపెన్ అయింది. ఎవరు ఓపెన్ చేశారు, ఏ పరిస్థితిలో చేశారు, అవేవీ చెప్పదు. ఫోన్ పిల్లాడి చేతిలో ఉన్నా టిక్ నీలమే అవుతుంది. రివర్స్‌లో, నోటిఫికేషన్‌లోనే మొత్తం చదివేస్తే టిక్ నీలం అవ్వదు. అంటే ఆ టిక్ చూసి మనిషి గుణం చెప్పేయడం, సర్వర్ డౌన్ అవగానే లాగ్స్ చూడకుండా "ఆ జూనియర్‌గాడే ఏదో చేసుంటాడు" అనడం లాంటిది. అలా అనే మేనేజర్లూ ఉంటారనుకోండి, అది వేరే ఎపిసోడ్.

క్రికెట్ చూసేవాళ్ళకి ఒక మాట బాగా తెలుసు, బెనిఫిట్ ఆఫ్ డౌట్. కోర్టు వార్తల్లో దీన్నే సంశయ లాభం అని రాస్తారు. రనౌట్ అప్పీల్ థర్డ్ అంపైర్ దగ్గరకి వెళ్తుంది. ఆయన ఒక యాంగిల్ చూస్తాడు, ఇంకో యాంగిల్ చూస్తాడు, జూమ్ చేస్తాడు. అప్పటికీ తేలకపోతే నాటౌట్. గమనించారా, ఆయన కళ్ళు మూసుకుని నాటౌట్ ఇవ్వలేదు. ముందు చూశాడు. మనం రీప్లే కూడా అడక్కుండా వేలెత్తేస్తాం.

ఎందుకలా? మనం లేట్‌గా వస్తే ట్రాఫిక్. ఇంకొకరు లేట్‌గా వస్తే బద్ధకం. మన పరిస్థితి మనకి లోపల నుంచి కనిపిస్తుంది, వాళ్ళది కనిపించదు. అందుకే పరిస్థితిని వదిలేసి నేరుగా మనిషి మీదకి వెళ్ళిపోతాం. 1977లో లీ రాస్ అనే సైకాలజిస్టు దీనికి ఫండమెంటల్ ఆట్రిబ్యూషన్ ఎర్రర్ అని పేరు పెట్టాడు.

పరిస్థితి మనిషిని ఎంత మారుస్తుందో చూడండి. 1973లో జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో చేసిన ఒక ప్రయోగాన్ని పబ్లిష్ చేశారు. పాస్టర్లు అవ్వడానికి చదువుకుంటున్న స్టూడెంట్స్‌ని పక్క బిల్డింగ్‌కి వెళ్ళి చిన్న టాక్ ఇవ్వమన్నారు. కొంతమందికి ఇచ్చిన టాపిక్ ఏంటో తెలుసా? దారిలో పడి ఉన్నవాడికి సాయం చేసిన మంచి సమరయుడి కథ! దారిలో నిజంగానే ఒకతను కూలబడి దగ్గుతూ ఉన్నాడు, అతను వీళ్ళు పెట్టిన మనిషే. "టైమ్ ఉందిలే" అని పంపినవాళ్ళలో 63 శాతం మంది సాయం చేశారు. "లేటైపోయింది, త్వరగా వెళ్ళు" అని పంపినవాళ్ళలో? 10 శాతం. టాపిక్ ఏదైనా పెద్ద తేడా రాలేదు. వాళ్ళంతా చెడ్డవాళ్ళా? తొందరలో ఉన్నారు, అంతే.

మా బీటెక్ బ్యాచ్‌లో ఒకడున్నాడు. ఫ్రెండ్ పెళ్ళికి రాలేదు, గ్రూప్‌లో ఒక్క విష్ కూడా పెట్టలేదు. "ప్యాకేజీ పెరిగిందిగా, ఇంక మనమెక్కడ కనపడతాం" అని గ్రూప్‌లో రెండు రోజులు మీమ్సే మీమ్స్. పెళ్ళికొడుకు ఒక్కడే ఫోన్ చేశాడు. మూడోసారికి ఎత్తాడు. జాబ్ పోయి నాలుగు నెలలైందట. ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున్నే ల్యాప్‌టాప్ బ్యాగ్ తగిలించుకుని వెళ్ళి, లైబ్రరీలో కూర్చుని సాయంత్రం వస్తున్నాడు. గిఫ్ట్ కోసం గ్రూప్‌లో తలా రెండు వేలు అడిగారు, అవి వాడి దగ్గర లేవు. ఏం రాయాలో తెలీక ఫోన్ పక్కన పడేశాడు. ఆ మీమ్స్ మాత్రం అన్నీ చదివాడు. ఇప్పుడు ఆ ఇద్దరూ మాట్లాడుకుంటారు. గ్రూప్ నుంచి మాత్రం వాడు వెళ్ళిపోయాడు.

కాబట్టి మెసేజ్ రాకపోతే "ఏంటి బాసూ, పెద్దోడివైపోయావ్" అని కాకుండా, "అంతా ఓకేనా? ఖాళీ ఉన్నప్పుడు చెప్పు" అని పెట్టి చూడండి. మొదటిదానికి వాళ్ళు సంజాయిషీ ఇచ్చుకోవాలి. రెండోదానికి నిజం చెప్పే అవకాశం ఉంటుంది.

అయితే అన్నిటికీ ఇది వర్తించదు. ఒకరు పదిమందిలో మిమ్మల్ని మళ్ళీ మళ్ళీ కించపరుస్తుంటే, మీరు వద్దని చెప్పాక కూడా చేస్తుంటే, అక్కడ డౌట్ ఏముంది? రీప్లేలో క్లియర్‌గా కనపడ్డాక అవుట్ అంటే అవుటే.

డబ్బు విషయంలో అసలు వద్దు. మీ బాబాయ్ ఫోటో డీపీగా పెట్టుకుని, కొత్త నంబర్ నుంచి "అర్జెంట్ రా, పది వేలు పంపు" అని వస్తే, "పాపం నిజంగా కష్టంలో ఉన్నాడేమో" అనుకుని పంపకండి. బాబాయ్ పాత నంబర్‌కి కాల్ చేసి గొంతు వినండి. ఓటీపీ అడిగితే ఎవరికీ చెప్పొద్దు. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి కాల్ చేయండి, అది సైబర్ మోసాల హెల్ప్‌లైన్, ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

సరే, ఉంటానండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.