944 పరుగుల ఇన్నింగ్స్: హైదరాబాద్–ఆంధ్ర రంజీ పోటీపై ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:
1993-94 రంజీ ట్రోఫీలో ఆంధ్ర జట్టుపై హైదరాబాద్ సాధించిన 944 పరుగులు ఆ పోటీల చరిత్రలో నేటికీ అత్యధిక ఇన్నింగ్స్ స్కోరు. ఇంత పెద్ద స్కోరు ఎలా ఏర్పడుతుంది, దానిని ఏ ప్రమాణాలతో అంచనా వేయాలి అనే అంశాలను వివరించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలక పదాలు: రంజీ ట్రోఫీ, జింఖానా మైదానం, ఎం.వి. శ్రీధర్, స్కోరు పట్టిక, క్రీడాచరిత్ర.

1. ప్రవేశిక:
దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌బీ నగర్ ప్రాంతాల యువతకు భారీ స్కోరు అనగానే నాగోలు అవతలి ఉప్పల్ స్టేడియమే స్ఫురిస్తుంది. 2025 మార్చి 23న అక్కడ సన్‌రైజర్స్ హైదరాబాద్ జట్టు రాజస్థాన్ రాయల్స్‌పై 20 ఓవర్లలో 6 వికెట్లకు 286 పరుగులు చేసింది. అయితే ఈ నగరపు అతిపెద్ద స్కోరు అంతకు మూడు దశాబ్దాల ముందు సికింద్రాబాద్ జింఖానా మైదానంలో నమోదైంది.

2. స్కోరు స్వరూపం:
హైదరాబాద్ 6 వికెట్లకు 944 పరుగుల వద్ద ఇన్నింగ్స్‌ను డిక్లేర్ చేసింది. ఎం.వి. శ్రీధర్ 366, వివేక్ జయసింహ 211, నోయెల్ డేవిడ్ 207 నాటౌట్. ఈ ముగ్గురి పరుగులే 784. అంటే మొత్తంలో సుమారు 83 శాతం. ఒకే ఇన్నింగ్స్‌లో మూడు ద్విశతకాలు అత్యంత అరుదు.

జట్టు స్కోరు 30 వద్ద తొలి వికెట్ పడగా శ్రీధర్ క్రీజులోకి వచ్చాడు. అతడు ఔటయ్యేసరికి స్కోరు 880. అతడు నిలిచిన 699 నిమిషాలలో జట్టుకు 850 పరుగులు చేరాయి. వాటిలో అతనివి 366 మాత్రమే. తక్కిన 484 పరుగులు సహచరుల బ్యాట్ల నుంచి, అదనపు పరుగుల రూపంలో వచ్చాయి. కనుక ఈ స్కోరుకు మూలం ఒక్కరి విజృంభణ కాదు. ఒక కొస స్థిరంగా నిలవగా రెండవ కొస నిరంతరం పరుగులందించడం.

3. చారిత్రక సందర్భం:
అంతకుముందు రంజీ రికార్డు 912 పరుగులు. 1945-46లో మైసూరుపై హోల్కర్ 8 వికెట్లకు, 1988-89లో గోవాపై తమిళనాడు 6 వికెట్లకు ఆ స్కోరు చేశాయి. హోల్కర్ ఇన్నింగ్స్‌లో ఆరుగురు శతకాలు సాధించారు. వారిలో నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబానికి చెందిన సి.కె. నాయుడు ఒకరు. రెండు ఇన్నింగ్స్‌ల నిర్మాణం వేరు. హోల్కర్ పరుగులు ఆరుగురి మధ్య పంపిణీ కాగా, హైదరాబాద్ పరుగులు ముగ్గురి వద్ద కేంద్రీకృతమయ్యాయి.

4. అంకెల పరిమితి:
20 ఓవర్ల ఆటలో పరిమితమైనది కాలం. అక్కడ వేగమే విలువ. ఉప్పల్ స్కోరు ఓవరుకు 14.3 పరుగులు. నాలుగు రోజుల ఆటలో వికెట్ కాపాడుకోవడమే ప్రధాన మూలధనం. అందువల్ల 286ను, 944ను ఒకే త్రాసులో తూచడం అశాస్త్రీయం.

మరొక అంశం ప్రత్యర్థి. భారీ స్కోరు బ్యాటర్ల ప్రతిభకు ఎంత నిదర్శనమో, ఇరుజట్ల బలాబలాల అంతరానికీ అంతే నిదర్శనం. మైదానంలో గంటల తరబడి శ్రమించిన ఆంధ్ర బౌలర్లు, ఫీల్డర్లు ఈ రికార్డు ప్రస్తావనలలో దాదాపు కనిపించరు. తెలుగు నేలకు చెందిన రెండు జట్ల పోటీ ఒక జట్టు కథగానే మిగిలింది.

రికార్డు భవిష్యత్తుకు హామీ కూడా కాదు. ముగ్గురిలో భారత జట్టుకు ఆడినవాడు డేవిడ్ ఒక్కడే. 1997లో అతడు నాలుగు వన్డేలు ఆడాడు. వృత్తిరీత్యా వైద్యుడైన శ్రీధర్‌కు ఆ అవకాశం రాలేదు. అనంతరం క్రికెట్ పాలనారంగంలో కీలక బాధ్యతలు నిర్వహించి, 2017లో మరణించాడు.

5. ముగింపు:
స్కోరు పట్టిక విశ్వసనీయమైన ఆధారమే గాని సంపూర్ణమైన చరిత్ర కాదు. పరుగుల పంపిణీ, ఆట నిడివి, ప్రత్యర్థి బలం, ఆటగాళ్ల తదుపరి ప్రస్థానం అనే నాలుగు అంశాలను జోడించి చదివినప్పుడే 944 అనే సంఖ్య అర్థవంతమవుతుంది. నాటి ఆటగాళ్లు, స్కోరర్లు, ప్రేక్షకుల జ్ఞాపకాలను, ముఖ్యంగా ఆంధ్ర జట్టు సభ్యుల అనుభవాలను, మౌఖిక చరిత్ర పద్ధతిలో సేకరించడం తెలుగు క్రీడాచరిత్ర పరిశోధకుల ముందున్న తక్షణ కర్తవ్యం.