పదికి పది ఇవ్వండి సార్!

కారు సర్వీసింగ్ అయిపోయింది. తాళాలు చేతికిస్తూ షోరూమ్ కుర్రాడు కాస్త మొహమాటంగా అంటాడు... ‘సార్, ఫోన్‌కి ఓ లింకు వస్తుంది. పదికి పది ఇవ్వండి. ఎనిమిదిచ్చినా లాభం లేదు’ అని. ఎనిమిదంటే ఫస్ట్‌క్లాసు దాటిన మార్కే కదా అనుకుంటాం. కానీ అతను చెప్పింది నిజం.

కస్టమర్లని బోలెడు ప్రశ్నలడగక్కర్లేదు, ‘మా గురించి మీ స్నేహితులకు చెబుతారా’ అన్న ఒక్కటీ చాలన్నాడు అమెరికాకు చెందిన వ్యాపార నిపుణుడు ఫ్రెడ్ రైక్‌హెల్డ్, 2003లో. జవాబు 0 నుంచి 10 వరకూ. 9, 10 ఇచ్చినవాళ్లు అభిమానులు. 6, అంతకన్నా తక్కువ ఇస్తే అసంతృప్తులు. 7, 8... ఎటూ కానివాళ్లు! అభిమానుల శాతంలోంచి అసంతృప్తుల శాతం తీసేస్తే వచ్చేదే ‘నెట్ ప్రమోటర్ స్కోర్’. ఆ అంకెకి ఇన్సెంటివ్ ముడిపెడితే కుర్రాడు బతిమాలక ఏం చేస్తాడు? అలా అడిగి తెచ్చుకున్న పదుల్ని చూసి పైవాళ్లు మురిసిపోతుంటారు.

పోనీ ఎక్కువమందిని అడిగితే నిజం తేలుతుందా? 1936 అమెరికా అధ్యక్ష ఎన్నికలప్పుడు ‘లిటరరీ డైజెస్ట్’ పత్రిక దాదాపు కోటిమందికి బ్యాలట్లు పంపింది. 20 లక్షలకు పైగా తిరిగొచ్చాయి. లాండన్‌దే గెలుపని తేల్చేసింది. తీరా చూస్తే 48 రాష్ట్రాల్లో 46 రూజ్‌వెల్ట్‌వే! ఫోన్లూ కార్లూ ఉన్నవాళ్ల చిరునామాలే ఎక్కువగా తీసుకోవడం, పనిగట్టుకుని జవాబిచ్చినవాళ్లనే లెక్కేసుకోవడం కొంపముంచాయి. లింకులకూ అదే తిప్పలు. బాగా కోపమొచ్చినవాళ్లూ, బాగా నచ్చినవాళ్లూ నొక్కుతారు. మిగిలినవాళ్లు డిలీట్ చేసేస్తారు. అందుకే అందరికీ పంపి ఊరుకునేకన్నా, కొందర్ని లాటరీ పద్ధతిలో ఎంచుకుని బదులివ్వనివాళ్లకి ఒకటికి రెండుసార్లు గుర్తుచేయడం మేలు.

ప్రశ్న వేయడంలోనూ తిరకాసుంది. ‘సిబ్బంది మర్యాదగా, త్వరగా పనిచేశారా?’ అంటారు. తియ్యగా మాట్లాడుతూనే మూడు గంటలు కూర్చోబెడితే ఏమని టిక్కు పెట్టాలి?

ఉద్యోగుల సర్వే అయితే మరీ సున్నితం. ‘పేరు రాయక్కర్లేదు, మనసులో మాట చెప్పండి’ అంటుంది యాజమాన్యం. కిందే వయసు, విభాగం, ఎన్నేళ్ల సర్వీసు, ఆడా మగా... అన్నీ అడుగుతుంది. అకౌంట్స్‌లో ఉన్నది నలుగురు, అందులో మహిళ ఒక్కరే అయితే ఇక పేరుతో పనేముంది? పైగా ఆఫీసు మెయిల్‌కి ఎవరి లింకు వారికి విడిగా వస్తే, ఎవరేం రాశారో తెలుసుకునే వీలుంటుంది. ఆ భయంతోనే బాసు తిట్టే విషయం దాచి, క్యాంటీన్ సాంబారు గురించి రాసి ఊరుకుంటారు చాలామంది. కాస్త పద్ధతిగా చేసే సంస్థలు సర్వేని బయటివాళ్లకి అప్పగిస్తాయి. అయిదుగురికన్నా తక్కువమంది జవాబిచ్చిన విభాగం ఫలితాల్ని విడిగా చూపించవు. ఆ సంగతి ఫారం పైనే రాస్తాయి.

అంతా చేసి, వచ్చిన జవాబుల్ని అటకెక్కిస్తే మాత్రం రెండోసారి పని జరగదు. రాత్రి షిఫ్టుకి బస్సు కావాలని నిరుడు ఓపిగ్గా నాలుగు లైన్లు రాసిన ఉద్యోగి, ఈ ఏడూ ఆటోలోనే ఇంటికెళ్తుంటే... కొత్త ఫారంలో అన్నిటికీ మధ్య గడిలో టిక్కులు కొట్టి రెండు నిమిషాల్లో పంపేస్తాడు.