క్రీడారంగము నుండి ప్రజాసభకు

కర్నూలు, కడప జిల్లాలలో వేసవి ముదిరినంతనే పెక్కు చెరువులు ఎండిపోవును. నీరింకిన ఆ చెరువు నేలయే ఊరి బాలురకు ఆటస్థలమగును. మూడు తుమ్మకొమ్మలు పాతి, చెక్కముక్కను బ్యాటుగా మలచుకొని, వారు ప్రొద్దు గుంకువరకు క్రికెట్టు ఆడుదురు. చక్కని దెబ్బ కొట్టిన బాలుని ఎవరో ఒక ప్రసిద్ధ క్రీడాకారుని పేరుతో పిలుచుట వారికి వేడుక. ఒకప్పుడు, అనగా 1985వ సంవత్సరము మొదలుకొని సుమారు పదునైదేండ్లపాటు, తెలుగునాట ఇట్లు వినబడిన పేర్లలో అజారుద్దీను పేరొకటి.

అంతటి పేరు గల ఆటగాడు ఆట విడిచిన పిమ్మట ప్రజల యెదుట నిలిచి ఓటు అడిగినచో ఏమి జరుగును? చప్పట్లు చరచిన చేతులన్నియు ఓటు వేయునా? ఓటు వేసినను, అది మరునాటికి నిలుచునా? ఈ సంగతులు తెలిసికొనుటకు అజారుద్దీను జీవితము మిక్కిలి అనువైనది.

మహమ్మద్ అజారుద్దీను 1963 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదులో జన్మించెను. ఆల్ సెయింట్సు ఉన్నత పాఠశాలలోను, నిజాం కళాశాలలోను విద్యాభ్యాసము చేసెను. 1984 డిసెంబరు 31వ తేదీన కలకత్తాలో ఇంగ్లండు జట్టుతో ప్రారంభమైన టెస్టు ఆటలో ఆయన తొలిసారిగా భారతదేశము పక్షమున ఆడి 110 పరుగులు చేసెను. తరువాత మద్రాసులో 105, కాన్పూరులో 122. మొదటి మూడు టెస్టులలోను వరుసగా నూరేసి పరుగులు దాటుట అంతకుముందు ఏ దేశపు ఆటగానికిని సాధ్యము కాలేదు.

ఆయన ఆటలోని సొగసు మణికట్టులో ఉండెను. కుడిచేతి ఆటగాడు బంతి విసరువాని వైపు చూచి నిలిచినప్పుడు, తన కుడిప్రక్కకు దూరముగా వచ్చిన బంతిని ఆ ప్రక్కకే కొట్టుట సాధారణ పద్ధతి. అజారుద్దీను మాత్రము అట్టి బంతిని కడపటి క్షణము వరకు రానిచ్చి, మణికట్టును తటాలున త్రిప్పి, ఎడమప్రక్కకు పంపుచుండెను. అందులో భుజబలము కంటె కాలజ్ఞానము ఎక్కువ. శిక్షకులు తప్పని చెప్పు దెబ్బయే ఆయన చేతిలో ఒప్పయ్యెను. అయితే దానిని చూచి అనుకరింపబోయిన బాలురు పెక్కుమంది వికెట్టు పోగొట్టుకొనియుందురు! ఫీల్డింగులోను ఆయన చురుకైనవాడు. 1990లో జట్టు నాయకత్వము ఆయనకు లభించెను. 1992, 1996, 1999 సంవత్సరములలో జరిగిన మూడు ప్రపంచకప్పు పోటీలలోను భారత జట్టునకు ఆయనయే నాయకుడు. మొత్తము 99 టెస్టులలో 22 శతకములతో 6215 పరుగులు చేసెను.

నూరవ టెస్టు ఆయనకు ప్రాప్తింపలేదు. 2000 మార్చిలో బెంగుళూరులో దక్షిణాఫ్రికాతో ఆడిన 99వ టెస్టులో 102 పరుగులు చేసెను. అదియే కడపటిది. జూదరులతో చేతులు కలిపి ఆటల ఫలితములను ముందే నిర్ణయించుకొనుచున్నారను ఆరోపణలు ఆ సంవత్సరమున క్రికెట్టు లోకమును కుదిపివేసినవి. కేంద్ర నేరపరిశోధన సంస్థ విచారణ జరిపిన పిమ్మట, 2000 డిసెంబరులో భారత క్రికెట్టు నియంత్రణ మండలి అజారుద్దీనుపై జీవితకాల నిషేధము విధించెను. ఆయన ఆ నిర్ణయమును ఎదిరించి న్యాయస్థానమున కెక్కెను. ఆ వ్యాజ్యము ఏండ్ల తరబడి సాగెను.

అది సాగుచుండగనే, 2009 ఫిబ్రవరిలో ఆయన కాంగ్రెసు పార్టీలో చేరెను. ఆ యేడే జరిగిన లోక్‌సభ ఎన్నికలలో ఉత్తరప్రదేశములోని మురాదాబాదు నుండి పోటీచేసి, ఇంచుమించు 50 వేల ఓట్ల ఆధిక్యముతో గెలిచెను. మురాదాబాదు ఇత్తడి పనికి పేరుగన్న పట్టణము. హైదరాబాదునకును దానికిని నడుమ వేయి కిలోమీటర్లకు పైబడిన దూరము కలదు.

హైదరాబాదు వాడు అంత దూరమున ఎట్లు పోటీచేయగలిగెనని విద్యార్థులకు సందేహము కలుగవచ్చును. లోక్‌సభకు పోటీచేయగోరువాడు దేశములోని ఏ నియోజకవర్గమునందైనను ఓటరుగా నమోదైయుండి, 25 ఏండ్లు నిండినవాడైనచో, కొలది ప్రత్యేక ప్రాంతములు తప్ప మరెచ్చటనైనను నిలువవచ్చును. దీనికి ఉదాహరణము కర్నూలు జిల్లావారికి ఇంటిముంగిటనే కలదు. తెలంగాణమున పుట్టిన పాములపర్తి వేంకట నరసింహారావు 1991లో నంద్యాల నుండి లోక్‌సభకు ఎన్నికయ్యెను. నంద్యాల అప్పుడు కర్నూలు జిల్లాలోనిది. 2022లో అది ప్రత్యేక జిల్లా కేంద్రమయ్యెను.

నిషేధము మెడపై ఉండగా అజారుద్దీను ఎన్నికలలో నిలువవచ్చునా అనునది రెండవ సందేహము. ఆ నిషేధము క్రీడాసంఘము విధించినది. మైదానమునకు వెలుపల దానికి అధికారము లేదు. న్యాయస్థానము ఒకనిని నేరస్థునిగా నిర్ణయించి రెండేండ్లు గాని అంతకు మించి గాని కారాగారశిక్ష విధించినప్పుడు ఎన్నికలకు అనర్హత కలుగును; కొన్ని ప్రత్యేక నేరములకు అంతకంటె తక్కువ శిక్షయే చాలును. అజారుద్దీను విషయమున అట్టి తీర్పేదియు లేకుండెను. అయితే మురాదాబాదు ఓటర్లు గెలిపించినంత మాత్రమున ఆయన నిర్దోషియని తేలినట్లు కాదు. వారి ముందుంచిన ప్రశ్న అది కాదు గదా! నిషేధము సంగతి తేల్చినది ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. అది చట్టము ముందు నిలువదని 2012 నవంబరు 8వ తేదీన హైకోర్టు తీర్పు చెప్పెను. అప్పటి కాయనకు 49 ఏండ్లు. మరల టెస్టు ఆడు వయస్సు దాటిపోయెను.

ఆటగాని పనికిని, సభ్యుని పనికిని గల భేదము గొప్పది. మైదానములో చేసిన పరుగులు ఆ సాయంకాలమే స్కోరు పలకపై కనిపించును. లోక్‌సభ సభ్యుని పని అట్టిది కాదు. ఆయన సభలో ప్రశ్న వేయును. మంత్రి సమాధానము చెప్పును. చట్టముల ముసాయిదాలపై మాటాడును, ఓటు వేయును. తన నియోజకవర్గములో బడిగదులు, త్రాగునీటి పథకములు మొదలగువాటికై స్థానిక ప్రాంతాభివృద్ధి నిధి నుండి సిఫారసు చేయును. ఆ నిధి ఏటేటా 2 కోట్ల రూపాయలుగా ఉండి, 2011-12లో 5 కోట్లకు పెరిగెను. అయినను సభ్యుని చేతికి అందులో ఒక్క రూపాయియు రాదు. సిఫారసును పరిశీలించి పనులు చేయించువారు జిల్లా అధికారులు. ఒక పని మంజూరై పూర్తియగునప్పటికి నెలలు, ఒక్కొక్కప్పుడు సంవత్సరములు పట్టును. కనుక కడుపు మండినవారు ఆయన శతకముల నెన్నరు. గొట్టములో నీరు వచ్చినదా లేదా అనియే అడుగుదురు. రాయలసీమ పల్లెలవారికి ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు.

ఆటలో పొందిన కీర్తికిని, ఎన్నికలలో పొందు జయమునకును లెక్క కుదరదు. మురాదాబాదునకు ఇరుగున ఉన్న అమ్రోహా నుండి చేతన్ చౌహాను 1991లోను, 1998లోను లోక్‌సభకు ఎన్నికయ్యెను. ఆయనయు భారత జట్టున ఆడినవాడే. 40 టెస్టులాడినను ఒక్క శతకమైన చేయనివాడు. 22 శతకముల అజారుద్దీను ఒక్కసారియే గెలిచెను. తెలుగువారిలో అంతకు పూర్వమే విజయనగర రాజకుమారుడు విజయానంద గజపతి, 1936లో ఇంగ్లండు వెళ్లిన భారత జట్టునకు నాయకుడై, అటుపిమ్మట విశాఖపట్టణము నుండి లోక్‌సభకు వెళ్లెను. ఆయనకు వంశగౌరవము తోడయ్యెను. పాకిస్తానులో ఇమ్రాన్ ఖాను 1996లో స్వయముగా పార్టీని స్థాపించి, 22 ఏండ్లు వేచి, 2018లో ప్రధానమంత్రి అయ్యెను.

2014లో అజారుద్దీను మురాదాబాదు విడిచి రాజస్థానములోని టోంక్-సవాయి మాధోపూరు నుండి పోటీచేసెను. అచ్చటివారు లక్షకు పైగా ఓట్ల తేడాతో ఆయనను ఓడించిరి. 2018లో తెలంగాణ ప్రదేశ్ కాంగ్రెసునకు కార్యనిర్వాహక అధ్యక్షులలో ఒకడయ్యెను. 2019లో హైదరాబాదు క్రికెట్టు సంఘమునకు అధ్యక్షుడుగా ఎన్నికయ్యెను. ఇది తాను పెరిగిన తోటయే. అయినను ఆ సంఘములోని కలహములు ఆయన కాలమున చల్లారలేదు. 2023లో సుప్రీంకోర్టు దాని పాలకవర్గమును తొలగించి, ఆ పనిని ఒక విశ్రాంత న్యాయమూర్తికి అప్పగించెను.

ఆ 2023లోనే ఆయన తొలిసారిగా సొంతయూరిలో ఓటు అడిగెను. జూబిలీహిల్సు శాసనసభా నియోజకవర్గమున పోటీచేసి, మాగంటి గోపీనాథు చేతిలో 16,337 ఓట్ల తేడాతో ఓడెను. ఆయన మణికట్టు విన్యాసమును ఎరిగినవారు హైదరాబాదులో కంటె ఎక్కువగా మరెచ్చట నుందురు? తెలియని మురాదాబాదు గెలిపించెను. తెలిసిన హైదరాబాదు ఓడించెను.

అయినను 2025 అక్టోబరు 31వ తేదీన ఆయన తెలంగాణ రాష్ట్ర మంత్రిగా ప్రమాణస్వీకారము చేసెను. గోపీనాథు మరణముచే ఏర్పడిన జూబిలీహిల్సు ఉపఎన్నికకు అప్పటికి పదునొకండు దినములే మిగిలియుండెను. అందుచే ఆ నియామకము ఓట్లకొరకేయని ప్రతిపక్షములు ఆక్షేపించినవి. నాటికి ఆయన శాసనసభలో గాని, శాసనమండలిలో గాని సభ్యుడు కాడు. సభ్యుడు కానివాడు మంత్రి ఎట్లగును? రాజ్యాంగములోని 164వ అధికరణము దీనికి వీలు కల్పించుచున్నది. అయితే ఆరు మాసములలోపల ఏదో ఒక సభలో సభ్యత్వము పొందవలెను. లేనిచో పదవి పోవును. కేంద్రమంత్రులకు 75వ అధికరణములో ఇట్టి నియమమే కలదు. నరసింహారావు 1991 జూన్ 21న ప్రధానమంత్రి అగునాటికి పార్లమెంటు సభ్యుడు కాడు. ఆయన కొరకు గంగుల ప్రతాపరెడ్డి నంద్యాల స్థానమును వదలుకొనెను. తెలుగువాడు ప్రధాని అయినాడను గౌరవముతో తెలుగుదేశము పార్టీ అభ్యర్థిని నిలుపలేదు. గడువు ముగియకముందే, నవంబరులో, ఆయన 5 లక్షల 80 వేల ఓట్లకు మించిన ఆధిక్యముతో నెగ్గెను.

అజారుద్దీనునకు క్రీడల శాఖ ఇత్తురని పలువురు తలచియుందురు. కాని ఆయనకు అప్పగించినవి అల్పసంఖ్యాక వర్గముల సంక్షేమ శాఖ, ప్రభుత్వరంగ సంస్థల శాఖ. మొదటిదానిలో ఆశ్రమ పాఠశాలలు, విద్యార్థి వేతనములు. రెండవదానిలో ప్రభుత్వము నడుపు సంస్థల లెక్కలు, లాభనష్టములు. మంత్రిపదవి చేపట్టునాటికి ఆయనకు అరువది రెండేండ్లు నిండియుండెను.