బూజు దారాలతో కట్టిన ఇళ్లు

మనుషుల పెంపకంలో లేకపోయినా మనుషుల ఇళ్లనే ఆనుకొని గూడు కట్టుకొనే పక్షులలో పిచ్చుక, తేనెపిట్ట, దర్జీ పిట్ట, పిగిలిపిట్ట, గోరింక తెలుగువారందరికీ పరిచితమైనవి. ఇంటివారు చెత్తగా ఎంచి ఊడ్చి పారవేసే బూజు, ఎండుగడ్డి, దూది పోగులు ఈ పక్షులలో చాలావాటికి గృహనిర్మాణ సామగ్రి కావడం గమనించదగిన విషయం.

బూజు విలువ తేనెపిట్టకు తెలిసినంతగా మరే పిట్టకూ తెలియదేమో. బొటనవేలంత ఉండే ఆడపిట్ట వాడుక లేని కరెంటు తీగనో, బట్టలు ఆరవేసే దండేన్నో, మల్లె తీగనో ఎంచుకొని, సాలెగూడు పోగులను దానికి చుట్టి, వాటి ఆధారంతో ఎండుగడ్డిని, నారను కలిపి వేలాడే సంచి వంటి గూడు అల్లుతుంది. పక్కగా ఉండే ద్వారం పైన చిన్న చూరు వంటి కప్పు ఉంటుంది. గూటి పైన బెరడు ముక్కలు, ఎండుటాకులు, పురుగుల విసర్జనలు అంటుకొని ఉండడం వల్ల, కింద తోకలాగా చెత్త వేలాడడం వల్ల, చూసేవారికి అది గాలికి చిక్కుకున్న చెత్తగానే తోస్తుంది. సాలీడు పోగు తెగకుండా సాగే గుణం కలది కనుక, పిల్లలు ఎదిగి బరువు పెరిగినా గూడు నిలుస్తుంది.

దర్జీ పిట్ట పని ఇంకా ఆశ్చర్యకరమైనది. అది వెడల్పైన ఆకు అంచుల వెంట ముక్కుతో రంధ్రాలు పొడిచి, దూదిని, సాలీడు పోగులను వాటిలో దూర్చి రెండు అంచులను దగ్గరకు లాగుతుంది. ఇక్కడ ముడి ఉండదు, రంధ్రం దాటిన పోగు చివర విచ్చుకొని తిరిగి జారకుండా పట్టుకుంటుంది. ఆకు తెగదు, కాడ నుంచి విడిపోదు కాబట్టి పచ్చగానే ఉంటుంది. అందువల్ల పక్కనే నీళ్లు పోసే మనిషికి కూడా లోపలి గూడు కనిపించదు.

పిచ్చుక అల్లికలో నేర్పరి కాదు, దానికి కావలసింది కన్నం. పెంకుటింటి చూరు, వాసాల సందులు, మట్టిగోడ బొరియలు ఇచ్చిన ఆశ్రయాన్ని నున్నని సిమెంటు గోడలు ఇవ్వలేకపోతున్నాయి. పిచ్చుకలను కాపాడుకోవాలని 2010 నుంచి ఏటా మార్చి 20న ప్రపంచ పిచ్చుకల దినం జరుపుతున్నారు. వాటి మేత కోసం కొత్త వరికంకులను కుచ్చుగా అల్లి చూరుకు వేలాడదీసే ఆచారం ఎంతో మేలైనదే. అయితే గింజలు ప్రధానంగా పెద్ద పిచ్చుకల ఆహారం, గూటిలోని పసికూనలకు తల్లిదండ్రులు ముఖ్యంగా పురుగులనే తెచ్చి పెడతాయి. పురుగుమందు చల్లిన పెరట్లో కుచ్చు కట్టినా కూనల ఆకలి తీరదు.

పక్షుల గూళ్లను, గుడ్లను కదిలించడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేట నిర్వచనంలోనే చేర్చింది. మనిషి చేయి తగిలితే తల్లి కూనను విడిచిపెడుతుందనే నమ్మకం నిజం కాదు. గూటి నుంచి జారిన, ఈకలు రాని కూనను మెల్లగా తిరిగి గూటిలో ఉంచవచ్చు. ఈకలు వచ్చి నేల మీద గంతులు వేసే కూన చాలాసార్లు ఎగరడం నేర్చుకుంటున్నదే, తల్లిదండ్రులు దగ్గరలోనే ఉండి మేపుతుంటాయి, కాబట్టి పిల్లిని, కుక్కను దూరంగా ఉంచితే సరిపోతుంది. ఈ చిన్న పిట్టలలో గుడ్డు పెట్టినది మొదలు కూన ఎగిరిపోయేదాకా దాదాపు నెల రోజులు పడుతుంది. కొమ్మ కత్తిరింపు, గోడకు సున్నం, ఆ మూలన బూజు దులపడం అన్నీ అప్పటిదాకా ఆపుకోదగిన పనులే.