పెరటి కోళ్లపై పెంపుడు కుక్కల దాడి: కారణాలు, యాజమాన్యం

ఎలమంచిలి అనగానే వ్యవసాయ విద్యార్థికి ముందుగా గుర్తుకు వచ్చేది నువ్వు పైరు. వరాహ, గౌతమ, శారద రకాలు ఇక్కడి పరిశోధనా స్థానం నుండి వెలువడినవే. ఈ వ్యాసకర్త కూడా ఆ పైరు పని మీదనే ఈ ప్రాంతపు గ్రామాలలో ఏళ్ల తరబడి తిరిగినవాడు. కోళ్లు నా శాస్త్రం కాదు. అయితే సమగ్ర వ్యవసాయ విధానంలో పైరుతో పాటు పాడి, కూరగాయల మడి, పెరటి కోళ్లు చేరడంతో సస్యశాస్త్రజ్ఞుడు సైతం కోళ్ల గూటిలోకి తొంగిచూడవలసి వచ్చింది.

ఒక గ్రామంలో నువ్వు కళ్ళం చూడడానికి వెళ్లినప్పుడు ఆ ఇంటి ఇల్లాలు మమ్మల్ని పెరట్లోకి పిలిచి, వరుసగా పడుకోబెట్టిన తొమ్మిది కోళ్లను చూపించింది. అన్నీ గుడ్డుకు వచ్చిన పెట్టలు. ఒక్కదాని మాంసమైనా తినబడలేదు. చంపినది బయటి జంతువు కాదు, ఆ ఇంటి కుక్కే. నగరంలో ఉద్యోగం చేసే కుమారుడు ఏడాది క్రితం తెచ్చి ఇచ్చిన లాబ్రడార్ అది. గొలుసు తెంచుకుని పావుగంటలో ఆ పని ముగించి, గుమ్మం దగ్గరకు వచ్చి తోక ఆడిస్తూ పడుకున్నదట. "దాన్నేటి సేత్తాం బాబూ, ఇంట్లోదే గదా. కొట్టడానికి సేతులు రావు, ఒగ్గేత్తే కోళ్లుండవు" అన్నది ఆమె. ఆ సాయంత్రం మా క్షేత్ర నమోదు పుస్తకంలో మరణాల గడిలో తొమ్మిది అనీ, కారణం గడిలో 'ఇతరములు' అనీ రాసుకున్నాము. ఆ 'ఇతరములు' అన్న మాటే ఈ వ్యాసానికి కారణం.

2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు సుమారు 31.7 కోట్లు. అంతకు ముందు 2012 గణనతో పోల్చితే ఇది దాదాపు 46 శాతం పెరుగుదల. ఈ కోళ్ల రక్షణకు మన శిక్షణ తరగతులలో కొక్కెర తెగులు టీకా, నట్టల నివారణ, దాణా గురించి గంటల కొద్దీ చెబుతాము. వేటాడే జంతువుల గురించి ఒక వాక్యం చెబుతాము. ఇంటి కుక్క గురించి ఏమీ చెప్పము. గుడ్డుకు రాబోయే పెట్ట పోవడమంటే అయిదు నెలలకు పైబడిన పోషణ అంతా పోవడం. గుడ్ల సొమ్ము చాలా ఇళ్లలో స్త్రీ చేతిలో ఉండే ఏకైక స్వంత ఆదాయం. ఒకసారి ఇలా నష్టపోయిన ఇల్లాలు రెండవ విడత పిల్లలు తీసుకోవడానికి సాధారణంగా ముందుకు రాదు. మనం దానిని 'ఆసక్తి లేకపోవడం' అని నివేదికలో రాస్తాము.

కుక్క ఎందుకు చంపుతుంది

కడుపు నిండా తినే కుక్క కోడిని ఎందుకు చంపుతుందన్నది రైతులు తరచుగా అడిగే ప్రశ్న. ఆకలి వేరు, వేట వేరు. గమనించడం, చూపు నిలపడం, పొంచి నడవడం, తరమడం, పట్టి కరవడం, చంపేలా కరవడం, చీల్చడం, తినడం అన్నవి వేటలోని వరుస ఘట్టాలు. రేమండ్ కాపింగర్, లోర్నా కాపింగర్ దంపతులు వివరించినట్లు, మనిషి వేర్వేరు కుక్క జాతులను తీర్చిదిద్దిన క్రమంలో ఈ ఘట్టాలలో కొన్ని బలపడ్డాయి, కొన్ని బలహీనపడ్డాయి. గొర్రెలను మళ్లించే జాతులలో పొంచడం, తరమడం బలంగా ఉండి కరవడం అణగి ఉంటుంది. వేటలో పడిన పక్షిని తెచ్చి ఇచ్చేందుకు పెంచిన లాబ్రడార్ వంటి జాతులలో తరమడం, నోట పట్టడం బలంగా ఉంటాయి. పట్టిన పక్షి రెక్కలు కొట్టుకుంటే పట్టు బిగుస్తుంది, పక్షి చనిపోతుంది. కుక్క దృష్టిలో అక్కడితో ఆట ముగిసింది, ఇంకొక కోడి పరుగెత్తితే మళ్లీ మొదలవుతుంది.

తినగలిగిన దానికంటే ఎక్కువగా చంపే ఈ లక్షణాన్ని హాన్స్ క్రూక్ 1972లో వివిధ మాంసాహార జంతువులలో విశదీకరించాడు. పారిపోవడానికి వీలులేని ఎరలు ఒకేచోట చిక్కినప్పుడు, పొట్ట నిండినా చంపడం ఆగదని ఆయన చూపాడు. దీని నుండి మనకు ఉపయోగపడే విషయం ఒకటున్నది. బలహీనమైన గూడు అసలు గూడు లేకపోవడం కంటే ప్రమాదకరం. ఆరుబయట ఉన్న కోళ్లలో ఒకటి రెండు పోతే మిగిలినవి చెల్లాచెదురై బతుకుతాయి. తడిక విరిగిన గూటిలో ఒక్కటీ మిగలదు.

కోడి వైపు నుండి చూస్తే

మన పాత నాటు పెట్ట తేలికైనది, చురుకైనది, చీకటి పడితే చెట్టెక్కే అలవాటున్నది. అసీల్ పెట్ట అయితే పిల్లల జోలికి వచ్చిన కుక్క ముఖం మీదికే ఎగురుతుంది. ఇవి ఏడాదికి 60 నుండి 80 గుడ్లు మించి పెట్టవు కనుక, హైదరాబాదులోని కోళ్ల పరిశోధనా సంచాలనాలయం వారు రూపొందించిన వనరాజా, గ్రామప్రియ, శ్రీనిధి వంటి రకాలను మనం పంచుతున్నాము. గుడ్ల సంఖ్యలో, బరువులో ఇవి నిస్సందేహంగా మేలైనవి. కాని వీటిలో పొదుగుడు లక్షణం ఉండదు. పిల్లలు తల్లి రెక్కల కింద గాక, బల్బు కింద ఆరు వారాలు పెరిగి నేరుగా పెరట్లోకి వస్తాయి.

ఈ తేడా చిన్నది కాదు. క్రిస్ ఎవాన్స్, పీటర్ మార్లర్ తదితరులు 1993లో ప్రచురించిన పరిశోధనలో కోళ్లకు రెండు వేర్వేరు హెచ్చరిక కూతలున్నాయని నిరూపించారు. గద్ద వంటి ఆకాశపు ముప్పుకు ఒక కూత, నేలమీద వచ్చే జంతువుకు మరొకటి. మొదటిది విన్న కోడి నక్కి దాక్కుంటుంది. రెండవది విన్న కోడి మెడ నిలిపి చుట్టూ చూస్తుంది. తల్లి వెంట తిరిగే పిల్లలకు ఈ కాపలా పుట్టినప్పటి నుండి ఉంటుంది. ఆరు వారాల నర్సరీ పిల్లలు ఎవరి కాపలా లేకుండా, కుక్కను ఎన్నడూ చూడకుండా బయటకు వస్తాయి. పైగా వనరాజా వంటి బరువైన పక్షి ఎత్తుకు ఎగరలేదు. అందువలన కుక్క ఉన్న ఇంటికి గ్రామప్రియ వంటి తేలికపాటి రకాన్ని సూచించడం, వీలైతే వాటి మధ్య ఒకటి రెండు నాటు పెట్టలను తిరగనివ్వడం మంచిదని నా అభిప్రాయం.

కుక్కలోనూ మార్పు వచ్చింది. పూర్వం నాటు కుక్కపిల్ల కోళ్ల మధ్యనే కళ్లు తెరిచేది, తల్లికోడి పొడుపు ఒకటి రెండు సార్లు రుచి చూసేది. స్కాట్, ఫుల్లర్ 1965లో ప్రచురించిన గ్రంథంలో, సుమారు మూడవ వారం నుండి పన్నెండవ వారం వరకు కుక్కపిల్ల తన తోటివారెవరో నేర్చుకుంటుందని తెలిపారు. నేడు విశాఖ నుండి, అచ్యుతాపురం పరిశ్రమల నుండి ఇళ్లకు వచ్చే యువకులు తెచ్చే పిల్లలు ఆ వయస్సును నగరంలో గడిపి వస్తున్నాయి. వాటికి కోడి పరుగెత్తే బంతి వంటిది.

నిందకు ముందు నిర్ధారణ

ప్రతి మరణానికీ కుక్కను నిందించరాదు. పగటిపూట పిల్లలు జాడ లేకుండా మాయమైతే గద్దనో కాకినో అనుమానించాలి. గుడ్లు పెంకులతో సహా పోతే పాము కావచ్చు. మెడ, తల భాగంలో కరచి ఉంటే ముంగిస లేదా అడవిపిల్లి. చిన్న పిల్లలు రాత్రిపూట పోయి గోడ పక్కన బొరియ కనిపిస్తే పందికొక్కు. నడుము, వీపు నలిగి, ఈకలు విస్తారంగా చెదిరి, అనేక పక్షులు తినకుండా పడి ఉంటే అది దాదాపుగా కుక్క పనే. అయితే ఇంటిదా, వీధిదా అన్నది అప్పుడు కూడా తేల్చుకోవాలి. ఇరుగుపొరుగుల మధ్య ఏళ్ల తరబడి మాటలు లేకపోవడానికి ఈ తొందరపాటు నిర్ధారణే కారణమైన ఇళ్లు నాకు తెలుసు.

ఏమి చేయాలి

అన్నింటికంటే తేలికైనది, ఖర్చు లేనిది వేళలు పంచడం. పగలు పెరడు కోళ్లది, రాత్రి కుక్కది. సాయంత్రం కోళ్లు గూట చేరి తలుపు గడియ పడిన తరువాతనే కుక్కను విడవాలి. ఉదయం కుక్కను కట్టిన తరువాతనే గూడు తెరవాలి. కుక్కను కట్టే చోటు కోళ్లు కనిపించని ఇంటి ముందు వైపు ఉండాలి. రోజంతా కోళ్లను చూస్తూ గొలుసు గుంజుకునే కుక్కలో ఉద్రేకం పేరుకుంటుంది. గొలుసు తెగిన రోజు జరిగేదే మనం పై ఇంట చూసినది. రెండు పూటలా నడిపించడం తప్పనిసరి. నిత్యం కట్టివేసి ఉంచే కుక్కకు తగిన వ్యాయామం ఇవ్వకపోవడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం సెక్షన్ 11 ప్రకారం నేరమని విస్తరణ సిబ్బందిలో కూడా చాలామందికి తెలియదు.

గూడు నేల నుండి రెండు అడుగుల ఎత్తున ఉండాలి. పల్చని కోళ్ల వలను కుక్క పళ్లతో చీల్చగలదు, కనుక వెల్డ్ మెష్ వాడాలి. నేలమీది ఆవరణ అయితే మెష్‌ను వెలుపలి వైపుకు అడుగు మేర వంచి మట్టిలో పూడ్చాలి. కుక్క కంచె మొదట్లోనే తవ్వుతుంది, అక్కడ మెష్ తగిలితే మానుకుంటుంది. ఆరవ వారంలో వచ్చిన పిల్లలను వెంటనే విడవకుండా రెండు మూడు వారాలు ఈ ఆవరణలోనే ఉంచితే రెండు లాభాలు కలుగుతాయి. పిల్లలు గూడు గుర్తుపడతాయి, కుక్క వాటికి అలవాటు పడుతుంది.

అలవాటు చేయడం కుక్కపిల్ల వయస్సులో సులభం. తాడుతో పట్టుకుని, దూరం నుండి కోళ్లను చూపుతూ, చూపు మరల్చుకుని యజమాని వైపు తిరిగిన ప్రతిసారీ చిన్న ముక్క తినిపించాలి. రోజుకు పది నిమిషాలు చాలు. ఒకసారి కోడిని చంపిన పెద్ద కుక్క విషయంలో మాత్రం శిక్షణ మీద ఆశ పెట్టుకోరాదు. మన కళ్లముందు అది బుద్ధిగానే ఉంటుంది. కాబట్టి వేళల విభజన, గడియ దానికి జీవితాంతం ఉండవలసినవే.

దాడి జరిగిన తరువాత బతికిన పక్షిని వెంటనే వేరుచేసి, చీకటిగా, నిశ్శబ్దంగా ఉన్న గంప కింద ఉంచాలి. గాయాన్ని శుభ్రమైన నీటితో కడిగి పోవిడోన్ అయోడిన్ పూయాలి. మిగిలిన కోళ్లు నెత్తుటి గాయాన్ని పొడుస్తాయి. ఈగలు వాలితే పురుగు పడుతుంది. పశువైద్య సహాయానికి 1962 నంబరుకు ఫోను చేయవచ్చు. విడిపించబోయి కరిపించుకున్న వారు గాయాన్ని సబ్బుతో, పారే నీటి కింద పదిహేను నిమిషాలు కడుక్కుని, కుక్క ఇంటిదే అయినా ఆసుపత్రికి వెళ్లాలి. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించడం కోళ్లున్న ఇంటిలో మరింత అవసరం. చచ్చిన కోళ్లను సున్నం చల్లి లోతుగా పూడ్చాలి. రోడ్డు పక్కన పారవేసిన కోళ్లు, మాంసపు దుకాణాల వ్యర్థాలు ఊరి కుక్కలకు కోడి రుచి మప్పుతున్నాయి. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ నిర్ధారణ అయినప్పుడు ఈ అలవాటులోని మరొక ప్రమాదం కూడా తెలిసివచ్చింది.

ఏమి చేయరాదు

చచ్చిన కోడిని కుక్క మెడకు కట్టడం, ఆ కోడితోనే మొహాన కొట్టడం గ్రామాలలో ఇంకా కనిపిస్తుంది. శిక్ష పనికి వెంటనే అంటి ఉండకపోతే జంతువు ఆ రెంటినీ కలుపుకోలేదు. అరగంట తరువాత కొడితే అది నేర్చుకునేది యజమానిని చూసి భయపడడం మాత్రమే.

ఇంతకంటే ఘోరమైనది విషం. సస్యశాస్త్రజ్ఞుడిగా ఇక్కడ నాకు సిగ్గు కలుగుతుంది. మాంసపు ముద్దలో కలిపేది మనం పైరుకు సిఫారసు చేస్తూ వచ్చిన కార్బోఫ్యూరాన్ గుళికలనే. ఆ ముద్ద ఏ కుక్క తింటుందో, ఏ కాకి ఎత్తుకుపోయి ఎక్కడ జారవిడుస్తుందో ఎవరి చేతిలోనూ ఉండదు. జారిన గుళికలను గింజలనుకుని కోళ్లే ఏరుకుని తింటాయి. జంతువును విషం పెట్టి చంపడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 325 కింద అయిదేళ్ల వరకు జైలుశిక్షకు దారితీయగల నేరం. పైగా కుక్క పోయిన పెరట్లోకి ముంగిస, అడవిపిల్లి జంకు లేకుండా వస్తాయి.

పై గ్రామంలో ఆ ఇల్లాలు కుక్కను ఉంచుకున్నది. దానిని కట్టే చోటును ఇంటి ముందరి కొబ్బరిచెట్టు దగ్గరకు మార్చింది. పాత మంచం కోళ్లతో గూటిని ఎత్తు చేసింది. మేము నమోదు పుస్తకంలో 'ఇతరములు' గడిని చీల్చి గద్ద, ముంగిస, వీధి కుక్క, ఇంటి కుక్క అని నాలుగు చేశాము. పిల్లలు పంచడానికి ముందు నింపే దరఖాస్తులో ఒక ప్రశ్న చేర్చాము: ఇంట కుక్క ఉన్నదా, ఉంటే ఏ వయస్సులో ఎక్కడి నుండి తెచ్చారు? ఆ ప్రశ్న అడిగినప్పుడు మొదట నవ్వుతారు. తరువాత పెరట్లోకి తీసుకువెళ్లి చూపిస్తారు.