మోటారు ప్రమాదములు - పోలీసు నివేదిక

ఉదయమున పనికి పోయినవారు సాయంకాలమునకు క్షేమముగా ఇల్లు చేరుటకన్న ఇల్లాలికి వేరు భాగ్యము లేదు. ఆస్పరి ప్రాంతమునుండి ఆదోని ప్రత్తి మార్కెట్టునకును, ఎమ్మిగనూరు జాతరకును, మిరపకోతల కాలమున గుంటూరు సీమకును మనవారు ఆటోలలోను, ట్రాక్టర్లమీదను, మోటారు సైకిళ్లమీదను పోవుచుందురు. దారిలో కీడు మూడినచో మొదట చేయవలసినది వైద్యము. ఆ వెంటనే చూచుకొనవలసినది పోలీసు కాగితము. ఈ రెండవదానిని మన ఇండ్లలో పురుషులకు విడిచి ఊరకుందుము. ఆ కాగితముమీదనే పిల్లల అన్నము ఆధారపడియుండునని సోదరీమణులకు తెలుపుటకే మేమిది వ్రాయుచున్నాము.

పోలీసు స్టేషనులో మొదట వ్రాయునది ఎఫ్.ఐ.ఆర్. పిమ్మట ప్రమాదస్థలమున పంచనామా జరుగును. బ్రేకు ఇన్స్పెక్టరు బండిని పరీక్షించును. ఆసుపత్రివారు గాయముల సర్టిఫికేటు ఇత్తురు. పరిహారము నిర్ణయించు ట్రిబ్యునలు ఈ కాగితములనే మొదట తిరుగవేయును.

1988 నాటి మోటారు వాహనముల చట్టమునకు 2019లో జరిగిన సవరణలవలనను, 2022 ఏప్రిలు 1 నుండి అమలైన నిబంధనలవలనను పోలీసుల బాధ్యత హెచ్చినది. ప్రమాదము జరిగిన 48 గంటలలో మొదటి నివేదికను ట్రిబ్యునలుకు పంపవలెను. బాధితుల హక్కులను తెలుపు ఫారమును 10 దినములలో వారికీయవలెను. 90 దినములలో సమగ్రమైన నివేదిక సమర్పింపవలెను. ఆ నివేదికనే పరిహారమునకై పెట్టుకొన్న అర్జీగా ట్రిబ్యునలు గ్రహింపవలెనని చట్టము. అయినను పోలీసులు చూచుకొందురని నిశ్చింతగా నుండరాదు. మన అర్జీకి చట్టము పెట్టిన గడువు ఆరు నెలలు.

నివేదికలో ఒక్క సంగతి మారినచో బాధ్యతయే మారిపోవచ్చును. 2025 అక్టోబరు 24న తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరు వద్ద హైదరాబాదునుండి బెంగుళూరు పోవు ప్రైవేటు బస్సు తగులబడి 19 మంది ప్రయాణికులు మరణించిరి. బస్సే మోటారు సైకిలును ఢీకొన్నదని మొదట అందరును తలచిరి. పోలీసులు విచారింపగా, మోటారు సైకిలు అంతకుముందే పడిపోయి దానిని నడిపినవాడు మరణించెననియు, రోడ్డుమీద పడియున్న బండిమీదికి బస్సు వచ్చెననియు తేలినది. వెనుక కూర్చుండి బ్రతికి బయటపడినవాని మాట దీనికి ముఖ్యాధారమైనది. కన్నులార చూచినవారి మాట నివేదికలోనికి ఎక్కుట ఎంత అవసరమో దీనినిబట్టి గ్రహింపవచ్చును.

కాబట్టి ఎఫ్.ఐ.ఆర్. నకలును ఉచితముగా అడిగి పుచ్చుకొని, ఇంటిలో చదువు వచ్చినవారిచే చదివించి చూడవలెను. బండి నంబరు, వేళ, నడిపినవారెవరు, గాయపడినవారు ఎక్కడ కూర్చుండిరి అను సంగతులు సరిగా నున్నవో లేవో పరికింపవలెను. సరకుల బండిలో ప్రయాణము చేసినవారి విషయమున ఇన్స్యూరెన్సు కంపెనీ తనకు పూచీ లేదని వాదించుట కలదు. అందుచే ఉన్నది ఉన్నట్లు వ్రాయించుటయే మేలు. కల్పించి చెప్పిన మాట కోర్టులో నిలువదు.

గాయపడినది స్త్రీయైనచో వృత్తి యన్నచోట "ఏమియు లేదు" అని వ్రాయనీయరాదు. ఇంటిపనికి వెల కట్టి పరిహారము లెక్కింపవలెనని సుప్రీం కోర్టు 2001లోను, మరల 2021లోను చెప్పియున్నది. కుట్టుపని, పాడి, కూలి యున్నచో వానినిగూడ చెప్పవలెను.

ఇంకొక ప్రమాదము ఊరి పెద్దల రాజీ. బండి యజమాని ఆసుపత్రి ఖర్చునకు కొంత చేతిలో పెట్టి కేసు వద్దనును. ఎముక విరిగిన కూలిమనిషికి ఏడాది పని పోయిన తరువాత గాని ఆ సొమ్ము ఎంత స్వల్పమో తెలియదు. అప్పటికి కాగితమును ఉండదు, సాక్షులును దొరకరు.

నివేదికలో తప్పు దొర్లినంతమాత్రాన నిరాశ పడనక్కరలేదు. నేరవిచారణలోవలె సందేహమునకు తావులేని రుజువు పరిహారపు కేసులో అవసరము లేదని 2009లో సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది. ఫిర్యాదు ఆలస్యమైనదన్న ఒక్క కారణముచే అర్జీని తోసిపుచ్చరాదని 2011లో చెప్పినది. గాయపడిన బిడ్డను ఆసుపత్రికి చేర్చుటయే తలిదండ్రులకు మొదటి పని గదా! ఢీకొట్టిన బండి దొరకకపోయినను, మరణమునకు 2 లక్షలు, తీవ్రగాయమునకు 50 వేల రూపాయలు ఇచ్చు పథకము 2022 నుండి కలదు. దానికిని ఎఫ్.ఐ.ఆర్. కావలెను.

వకీలు ఫీజునకు వెనుదీయవలదు. 1987 నాటి న్యాయసేవల చట్టముచే స్త్రీలకు, ఆదాయమెంతయైనను, ఉచిత న్యాయసహాయము కలదు. కర్నూలులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడుగవచ్చును.

రేషను కార్డును, పొలము పాసుపుస్తకమును భద్రముగా పెట్టెలో దాచు గృహిణి ఈ కాగితములనుగూడ అంత జాగ్రత్తగా దాచవలెను. అట్టి అవసరము ఏ ఇంటికిని కలుగకుండుగాక.